ఇంట్లో గాలి వచ్చే చోటు

మా ఇంట్లో పగలు పన్నెండు అయిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు. గోడ మీది సోలార్ ఇన్వర్టర్ కీచుమని అరుస్తుంది, నా మగ్గం మోటారు ఆగిపోతుంది. మళ్ళీ మూడు దాకా దానికి బుద్ధి పుట్టదు. ఏప్రిల్ మొదటి వారం నుంచి ఇదే వరస.

నా పేరు వీరభద్రప్ప. ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద దుప్పట్లు నేస్తాను. యాభై ఏళ్ళుగా నేస్తున్నాను కాబట్టి నాకు ఎవరైనా బుద్ధులు చెప్పడానికి వస్తే ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ ఎండాకాలం ఇద్దరు నాకు బుద్ధి చెప్పారు, ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరూ చెప్పింది నిజమే.

నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేయాలి. రెండేళ్ళ కింద నా కుడి మోకాలు అరిగిపోయింది. ఒకరోజు గుంటలోంచి లేవలేక కూర్చుండిపోతే పక్కింటివాళ్ళు ఇద్దరు వచ్చి రెక్కలు పట్టుకుని లాగారు. మా కూతురు మహేశ్వరికి ఆదోనిలో కుట్టుపని షాపు ఉంది. ఆ కబురు విని మర్నాడే వచ్చింది. పలకలు తొక్కే పని చేసే చిన్న మోటారు ఒకటి తెప్పించి పెట్టించింది. పగలు కరెంటు తీసేసినా పని ఆగకుండా మిద్దె మీద సోలార్ ప్యానెళ్ళు, పంచ మూలలో బ్యాటరీ, మగ్గం గదిలో ఇన్వర్టర్ బిగించి, మోటారు తీగ దానికే కలిపారు. మోటారు ఆగితే మాత్రం కాలు పెట్టి తొక్కనని నా చేత ఒట్టు వేయించుకుంది.

నేను ఆ ఒట్టు తప్పాను. పన్నెండుకు మోటారు ఆగితే మూడు దాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. రాత్రి నేద్దామంటే దీపం వెలుగులో పోగు కనబడదు. అందుకని తలుపు దగ్గరికి వేసుకుని, మెల్లగా తొక్కుతూ నేసేవాణ్ణి. ఒకరోజు మహేశ్వరి చెప్పకుండా వచ్చి గడపలో నిలబడి చూసింది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అది అరవలేదు.

"నాయనా, ఈ పడుగులో ఎన్ని దుప్పట్లు?" అని అడిగింది.

"పన్నెండు. మూడు అయినాయి."

"మే నెలాఖరుకు పన్నెండూ మోటారు మీదనే నేసి దించితే మగ్గం ఉంటాది. లేదంటే మేస్త్రీ బజారిని పిలుచుకొచ్చి గుంట పూడ్పించి బండలు పరిపిస్తా. నిన్ను ఇంకోసారి ఆ గుంటలోంచి లాగేది సూడలేను."

వాళ్ళమ్మ అంజనమ్మ నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. ఆమె రాట్నం తిప్పుకుంటూ తలెత్తలేదు. సరేనన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. మగ్గం లేకపోతే పొద్దున లేచి నేను ఎక్కడ కూర్చోవాలి? బండలు పరిచిన గదిలో ఏం చేయాలి? భయమేసింది, దాచుకోవడమెందుకు.

ఫిర్యాదు చేస్తే సోలార్ కంపెనీవాళ్ళు రాకపోలేదు. రెండుసార్లు వచ్చారు. ముందు ఫోన్ చేసి, ఫలానా టైముకు వస్తాం అని చెప్పి వచ్చారు. వచ్చి, చూసి, "బాగనే ఉంది గదప్పా" అని కాగితంలో రాసుకుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు పన్నెండుకు మళ్ళీ కీచుమని అరుపు. ఆ డబ్బాకు నా మీద పగ ఉందని నాకు ఖాయమైపోయింది.

మూడోసారి ఫోన్ రాలేదు. ఒక గురువారం పదకొండున్నరకు, భుజాన సంచీ, చేతిలో నీళ్ళ సీసా, చెమటతో తడిసిన మొహంతో ఒక పిల్ల గుమ్మంలో నిలబడింది. పాతికేళ్ళు ఉంటాయేమో.

"ఎవరు పాపా?"

"సోలార్ కంప్లైంటు తాతా. నా పేరు హెప్సిబా. ఆదోని నుంచి వచ్చినా."

తాత అన్నందుకు సగం కోపం, చెప్పకుండా వచ్చినందుకు సగం. "ఫోను జెయ్యకుండా వస్తారా ఎవురన్నా?" అన్నాను.

"ఫోను జేసి వచ్చినోళ్ళు రెండుసార్లు ఏమీ లేదని రాసిపోయినారు. అందుకే జెయ్యలే."

అంజనమ్మ లోపలి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మీది యాడమ్మా?" అని అడిగింది.

"హొళగుంద పక్కన అవ్వా. మా నాయన పేరు యేసేపు, కూలికి పోతాడు. నేను ఐటీఐ సదివినా." గటగటా తాగి గ్లాసు ఇచ్చేసి నేరుగా మగ్గం గదిలోకి వచ్చింది.

నేను గబగబా లేచి ఇన్వర్టర్ మీది తొడుగు తీయబోయాను. ఆ తొడుగు గురించి చెప్పాలి. డబ్బా కొత్తగా వచ్చినప్పుడు, దుమ్ము పడకూడదని, నాలుగు పోగుల మందాన ఎర్ర అంచు వేసి నేనే బట్ట నేశాను. మహేశ్వరి సంచీలాగా కుట్టి ఇచ్చింది. పని లేనప్పుడు మగ్గం మీద గుడ్డ కప్పుతాం కదా, మగ్గానికి ప్రాణం పోసే వస్తువును బోసిగా వదిలేస్తామా? మా వీధిలో అందరూ చూసి మెచ్చుకున్నారు.

"ముట్టుకోవద్దు తాతా," అంది హెప్సిబా. "రోజూ ఎట్లుంటాదో అట్లే ఉండనీ. నువ్వు నెయ్యి. నేను సూస్తా."

"ఇల్లు యాడిదాడ పడుండాది పాపా. రొంత ఊడ్సి, కిటికీ తెరిసి..."

"ముందు వచ్చినోళ్ళకు అట్లే సేసినావా?"

"మనిషి వస్తే ఇల్లు సర్దుకోకుండా ఎట్లుంటాం? తొడుగు తీసి, గది ఊడ్సి, కిటికీలు తెరిసి, మగ్గం ఆపి కూసోబెట్టినాం. కాఫీ కూడా ఇచ్చినాం."

ఆ పిల్ల నవ్వింది. ఆపకుండా, చాలాసేపు. నాకు ఇంకా కోపం వచ్చింది. "నేనేమీ పెండ్లిసూపులకు రాలే తాతా. సుమ్నె నెయ్యి," అంది. సుమ్నె అంటే ఊరికే అని; హొళగుంద వైపు వాళ్ళకు తెలుగులో కన్నడం అలా దొర్లుతూ ఉంటుంది.

నేను గుంటలోకి దిగి మోటారు వేశాను. కిటికీలు మూసే ఉన్నాయి. అంజనమ్మ గోడవారన తన రాట్నం దగ్గర కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టసాగింది. హెప్సిబా ఒక మూల గొంతుక్కూర్చుని మాట్లాడకుండా చూస్తోంది. పేక పోగు లాక్కుంటూ నాడె ఇటూ అటూ పోతోంది, మోటారు నా బదులు తొక్కుతోంది. పదినిమిషాలకే ఆ పిల్ల చున్నీతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టింది.

పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు డబ్బా కీచుమంది. మోటారు ఆగింది. నా కుడికాలు దానంతట అదే పలక మీదికి పోయింది.

"కాలు!" అంది అంజనమ్మ. కాలు వెనక్కి తీసుకున్నాను.

హెప్సిబా లేచి తొడుగు ఊడదీసింది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టి జ్వరం చూసేవారే, అలాంటి పరికరమే సంచీలోంచి తీసి ఇన్వర్టర్‌కు గురిపెట్టింది. డెబ్బై నాలుగు చూపించింది. తర్వాత స్విచ్చులన్నీ ఆపేసి, డబ్బా అడుగున ఉన్న జాలీ విప్పి, కుంచెతో గీకింది. దూది నూగు తెట్టుకట్టి ఊడిపడింది. దీపానికి నాలుగు వత్తులు చేసుకోవచ్చు.

"ఇది పని సేసేకొద్దీ దీని లోపల ఉడుకు పుడతాది తాతా. ఎనకాల ఈ రెక్కలు సూడు, కింద ఈ ఫ్యాను సూడు. ఆ ఉడుకును బయటికి తోలనీకే ఇవి ఉండేది. రెండేండ్ల నూలు నూగంతా జాలీకి పట్టుకునింది. పైన దుప్పటి కప్పినావు. గది మూసినావు. ఇంక ఉడుకు యాడికి పోతాది? కాలిపోకుండా అదే ఆగిపోతాంది. అది చెడిపోలే. పాణం కాపాడుకుంటాంది."

"దుప్పటి కాదు, తొడుగు."

"శానా బాగుండాది. డిసెంబర్లో నాకియ్యి, కప్పుకుంటా. దీనికి మాత్రం వద్దు." తొడుగు మడిచి నా పక్కన పెట్టింది. "ఇంగ ఆ కిటికీలు తెరువు."

అప్పుడు నాకు నిజంగా తిక్కరేగింది. తొడుగు తీసేయమన్నారు, తీసేశాం. కిటికీ జోలికి వస్తే ఊరుకోను. "పడుగుకు వడగాలి తగిలితే పోగులు ఎండి పుటుక్కున తెగుతాయి. గంజి పెట్టిన నూలు అది. గదిలో తేమ ఉండాల. మగ్గం పెట్టినకాడి నుంచి ఆ కిటికీలు పని యాళప్పుడు తెరవలే. నీకేం తెలుస్తాదిలే మగ్గం సంగతి!"

"తెలీదు తాతా," అంది ఆ పిల్ల, గొంతు పెంచకుండా. "నీ మగ్గం సంగతి నువ్వు సెప్పింది నేను నమ్మినా. నా డబ్బా సంగతి నేను సెప్పింది నువ్వు నమ్ము. నీ పోగులకు గాలి పడదు. దీనికి గాలి లేకుంటే జరగదు. ఈ రెండింటినీ ఒక్క గదిలో పెట్టమని ఎవురు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను. బిగించడానికి వచ్చినతను పంచలో, బ్యాటరీ పక్కనే పెడతానన్నాడు. నేనే పట్టుబట్టి, నా కళ్ళెదురుగా మగ్గం గదిలో ఉండాలని ఇక్కడ పెట్టించాను. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోబుద్ధి కాక పైకప్పు చూశాను.

హెప్సిబా ఆ జ్వరం చూసే పరికరాన్ని గదిలో అక్కడా ఇక్కడా గురిపెడుతోంది. మగ్గం దగ్గర ముప్ఫై తొమ్మిది. ఇన్వర్టర్ కిందుగా, రాట్నం పక్క గోడ మీద పెట్టి ఆగింది. మళ్ళీ పెట్టింది.

"నలభై ఆరు. ఈడ ఎవురు కూసుంటారు?"

"నేనేనమ్మా," అంది అంజనమ్మ.

"ఎంతసేపు?"

"ఈయప్ప నేసినంతసేపు. కండె అయిపోతే అందియ్యల్ల గదా."

"ఎన్నేండ్ల నుంచి?"

"పెండ్లయి వచ్చినప్పటి నుంచి. నలభై మూడేండ్లు."

అంజనమ్మ నవ్వింది. ఆమె నవ్వులో కోపం లేదు, అందుకే అది నాకు సూటిగా తగిలింది. "ఆ డబ్బాకు నెల దినాలు గాలి ఆడకపోతే, అరిసి అరిసి ఆదోని నుంచి మనిషిని పిలిపించుకునింది. నాకి అరిసేది రాకపాయ," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నా పోగు ఎండుతుందేమో, నా మోటారు ఆగుతుందేమో అని రోజూ దేవుళ్ళకు మొక్కుకున్నాను. అదే గదిలో, నాకు మూడు గజాల దూరంలో, ఈమె కొంగు పిండుకుంటూ కూర్చుంది. రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. నేను మొహాన నీళ్ళు చల్లి, "నీళ్ళు సరిగ్గా తాగవు" అని కసిరాను. గాలి లేదని నాకు తట్టనే లేదు. ఆ తట్టకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

హెప్సిబా సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. "దీన్ని ఈ గదిలోంచి తీసేయల్ల. ఇంట్లో గాలి వచ్చే చోటు యాడుంది?"

అంజనమ్మ నన్ను చూసింది. నేను మళ్ళీ పైకప్పు చూశాను.

ఇంట్లో గాలి వచ్చే చోటు ఒక్కటే. ఉత్తరం వైపు పంచ. ఎండాకాలం మధ్యాహ్నం కూడా అక్కడ సన్నగా గాలి వీస్తుంది. అక్కడ నా మంచం ఉంటుంది. భోంచేశాక గంటసేపు నేను అక్కడే నడుం వాలుస్తాను. ఆ గంటలో అంజనమ్మ మగ్గం గదిలో సాయంత్రం పనికి కండెలు చుడుతూ ఉంటుంది.

నేను గుంట అంచు పట్టుకుని లేచాను. పంచలోకి వెళ్ళి మంచం మీది పరుపు చుట్టి, మంచం ఎత్తాను. "మోకాలు తాతా, మోకాలు" అని హెప్సిబా పరిగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకుంది. మంచాన్ని తెచ్చి మగ్గం గది గడపలో దించాం.

ఆ పిల్ల పని చూస్తుంటే నాకు ముచ్చటేసింది. నేర్చిన చెయ్యి ఏ పనిలో ఉన్నా తెలిసిపోతుంది. ఇన్వర్టర్‌ను పంచ గోడకు బిగించే ముందు చుట్టూ కొలిచింది. పక్కలకు జానెడు, పైన మూరెడు ఖాళీ ఉండాలంది. బ్యాటరీకి నెత్తి మీద కాకుండా కాస్త పక్కకు జరిపి పెట్టింది. పాత తీగ ఒకటి బిగుతు వదిలి, కొస నల్లబడి ఉంది. "ఇది ఒదులైనా ఉడుకే," అని నల్లబడిన ముక్క కత్తిరించి కొత్త కొస వేసింది. బ్యాటరీ పక్కకే రావడంతో తీగ పొడవు తగ్గింది, అదీ మంచిదేనట. మోటారుకు పోయే తీగ మాత్రం కిటికీ పైనుంచి లోపలికి లాగింది.

నాలుగింటి బస్సుకు వెళ్ళబోతూ చెప్పింది. "పదైదు దినాలకు ఒకసారి అంతా ఆపి, పొడి కుంచెతో జాలీ దులుపు తాతా. తడిగుడ్డ పెట్టొద్దు. ఏమీ కప్పొద్దు. సాయంత్రం వాలు ఎండ ఈ గోడకు తగులుతాది, పైన ఒక రేకు ఏపిచ్చు." గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి వచ్చి, "అవ్వా, మజ్జిగ బాగుండాది" అంది. నాకు అప్పటికే చెప్పాల్సింది చెప్పేసిందిగా.

ఆ పిల్ల వెళ్ళాక నేను రాట్నం తీసుకెళ్ళి పంచలో ఇన్వర్టర్‌కు నాలుగు గజాల దూరంలో పెట్టాను.

"ఏంది ఇది?" అంది అంజనమ్మ.

"కండెలు ఈడ సుట్టు."

"నీకి అందిచ్చేదెవురు?"

"పొద్దునే బుట్టెడు సుట్టిస్తే తడిగుడ్డ కప్పి నా పక్కన పెట్టుకుంటా."

ఆమె కాసేపు బుట్ట వైపు చూసింది, నా వైపు చూసింది. మా ఇంట్లో ఆ బుట్ట పెళ్ళికి ముందు నుంచీ ఉంది. ఈ పని నలభై మూడేళ్ళ కిందే చేసి ఉండొచ్చని ఇద్దరికీ తట్టే ఉంటుంది. ఎర్ర అంచు తొడుగును నాలుగు మడతలు వేసి రాట్నం దగ్గర పరిచాను. ఆమె దాని మీద కూర్చుంది.

మర్నాడు పదకొండున్నర నుంచే గడియారం వైపు చూస్తూ నేశాను. నాడె చేతిలో ఉంది, చెవులు పంచలో ఉన్నాయి. పన్నెండు అయింది. నాలుగు నిమిషాలు అయింది. పావుగంట అయింది. మోటారు తొక్కుతూనే ఉంది. పంచలోంచి కీచుమన్న అరుపు రాలేదు, రాట్నం తిరుగుతున్న చప్పుడు వచ్చింది. "ఎంత సూపిస్తాంది?" అని కేకేశాను. "నలభై తొమ్మిది" అని అంజనమ్మ డబ్బా తెర మీది అంకె చదివి చెప్పింది. నేను ఒక్కణ్ణే గుంటలో కూర్చుని పిచ్చివాడిలా నవ్వుకున్నాను.

భోంచేశాక, ఇంతకుముందు రాట్నం ఉన్న చోట మంచం వేసుకుని పడుకున్నాను. డబ్బా వేడి లేకపోయినా, పది నిమిషాలకు పరుపు తడిసింది. లేచి కూర్చున్నాను. నలభై మూడేళ్ళు.

పన్నెండో దుప్పటి ఇరవై ఎనిమిదో తారీఖున కోశాను. ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం నాలుగున్నరకు మహేశ్వరి వచ్చింది, వెంట బజారి మేస్త్రీ, వాడి చేతిలో టేపు. నేను గుంటలోనే ఉండి కొత్త పడుగు పోగులు ముడేసుకుంటున్నాను. దుప్పట్లు పన్నెండూ మంచం మీద మడతపెట్టి ఉన్నాయి. మహేశ్వరి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది, నా మోకాలి వైపు చూసింది, మోటారు మీద చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు పంచలోకి నడిచింది.

"అమ్మా, ఈడ కూసున్నావేంది?"

"గాలికి."

అంత చిన్న మాటే అంది. తలుపు సందులోంచి నాకు ఆమె కనబడుతోంది. నెరిసిన వెంట్రుకలు నుదుటి మీద ఎగురుతున్నాయి. మహేశ్వరి ఆమె పక్కన కూలబడి, అమ్మ మోకాళ్ళ మీద తల ఆనించింది.

బజారి ఎటూ తోచక గడపలో నిలబడ్డాడు. "యాడక్కా పూడ్సాల్సిన గుంట?" అని అడిగాడు.

"గుంట సంగతి ఇడిసిపెట్టు," అంది అంజనమ్మ. "నేను కండెలు సుట్టినన్నాళ్ళూ మగ్గం ఉంటాది. వాలు ఎండ ఈ గోడ మీద పడతాంది సూడు. ఇన్వర్టర్ పైన నీడకు ఒక రేకు దింపు."

బజారి టేపు లాగి గోడ మీద కొలిచాడు. "రెండడుగుల రేకు సాలు," అన్నాడు.

నేను గుంటలోంచే కేకేశాను. "రెండు కాదురా, ఆరడుగులు దింపు. ఆడ ఉండేది ఇన్వర్టర్ ఒకటే కాదు."

బజారి టేపును రాట్నం దాకా లాగి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు.